నీలం కాగితం కింద ఊరు

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో ఉండగా, మేం ముగ్గురం కలిసి ఒక సినిమా తీశాం. నవ్వుకుంటే నవ్వుకోండి. కెమెరా అనేది ఫొటో స్టూడియోలో తప్ప మేమెక్కడా చూసి ఎరగం. మాది కాగితం సినిమా. బొమ్మలు గీసిన కాగితాలను వరసగా అతికించి, రెండు కర్రలకు చుట్టి, కిటికీ కోసిన సబ్బుల పెట్టెలో బిగించాలి. వెనక పెట్రోమాక్స్ దీపం పెట్టి కర్ర తిప్పుతుంటే బొమ్మలు వెలుగుతూ కదిలిపోతాయి. మిర్యాలగూడలో మా బడి వార్షికోత్సవానికి డ్రాయింగ్ సారు ఈ పని మాకు అప్పగించారు. సాగర్ కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులవి. కథ కూడా ఆయనే చెప్పారు. డ్యాము కట్టడం, కాలువ రావడం, పొలాలు పచ్చబడటం.

జట్టులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. మిగతా ఇద్దరిలో ఒకడు బియ్యం మిల్లు సావుకారి కొడుకు, రెండోవాడు త్రిపురారం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాడు.

ఆ కథలో సారు చెప్పని ముక్క ఒకటి మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ పుట్టిన ఊరు పెద్దవూర అవతల, కృష్ణ ఒడ్డున ఉండేది. డ్యాములో నీళ్లు నిండేసరికి అది మునిగిపోయింది. మా తాతయ్య తన ఇంటి తలుపులు, దూలాలు ఊడదీసి బండికెత్తుకుని మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన నాటి నుంచి ఆయనకు నోరు మూతపడినట్టే అయింది. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అమ్మ చాటుగా ఏడ్చేది. ఈయన ఇట్లాగే కుమిలి కుమిలి మాకు దక్కకుండా పోతాడేమోనని నాకూ భయంగా ఉండేది.

ఒక రోజు నేను డ్యాము బొమ్మకు రంగు వేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు చూసి, "మా ఊరేది?" అన్నాడు. ఆ మాటతో ఊరి బొమ్మలు కూడా పెడదామని నేను పట్టుబట్టాను, సారు ఒప్పుకున్నారు. ఇక బడి వదలగానే ముగ్గురం తాతయ్య చుట్టూ చేరేవాళ్లం. ఆయన చెప్పడం, మేం గీయడం. కుమ్మరోళ్ల ఇళ్లను ఇటు పెట్టబోయి అటు పెట్టామని కోప్పడేవాడు కూడా. ఆయన కోప్పడితే అమ్మ వంటింట్లోంచి మురిసిపోతూ వినేది.

అన్నం గంజి చిక్కగా కాచి కాగితాలు అతికించాం. వెలుగు బాగా రావాలని పల్లినూనె పూశాం. ఆరబెట్టడానికి చోటు చాలక మిల్లు గోదాములో వడ్ల బస్తాల మీద పరిచాం. మిల్లుల ఊళ్లో పుట్టి పెరిగి ఎలుకల సంగతి తెలియనివాళ్లం కాదు. అయినా గంజి, నూనె, గోదాము ఒక్కచోట చేరితే ఏమవుతుందో ముగ్గురిలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు. ఎలుకలకు పిలిచి విందు పెట్టాం.

వార్షికోత్సవం నాటి పొద్దున వెళ్లి చూస్తే డ్యాము బొమ్మల అంచులు పోయాయి, కాలువ అక్కడక్కడ మిగిలింది. మధ్యలో ఉన్న ఊరు మాత్రం నుగ్గునుగ్గు. సాయంత్రానికి ఆట. ఇంకేం ఆట, సారుతో చెప్పేద్దామన్నాడు సావుకారి కొడుకు. ఆట పోతే పోయింది, తాతయ్యకు ఏమని చెప్పను? నీ ఊరు ఇంకోసారి పోయిందనా? గోదాము మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎవరు చెప్పారో ఏమో, తాతయ్యే వచ్చాడు. బస్తాల మీది ముక్కలను చేత్తో కదిపి చూశాడు. ఆయన ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఊరుకూరే నీళ్లల్ల పోయింది బిడ్డా. గీ కాయితాలకు ఏడుస్తరా?" అన్నాడు. ఒక ముక్క చేతిలోకి తీసుకుని, "ఇల్లు మునుగుతదంటే తలుపులు, దూలాలు ఊడదీస్కొని రాలే నేను? గట్లనే. మిగిలినకాడికి కోసి తియ్యుండ్రి" అన్నాడు.

కొరికిన అంచులు కత్తిరించి మిగిలిన బొమ్మలను చిన్నవి చేశాం. ఈసారి గంజి జోలికి పోకుండా అమ్మ సూదీ దారంతో కుట్టింది. కానీ ఊరంతా మళ్లీ గీసే వ్యవధి లేదు. మధ్యలో ఏం పెట్టాలో తోచలేదు. తాతయ్యే దారి చెప్పాడు. "ఇప్పుడు గాడ నీళ్లే కద ఉన్నయి. నీళ్లే పెట్టుండ్రి. కింద ఏమున్నదో నేను సెప్త." అంగడికి పోయి గాలిపటాలకు వాడే నీలం కాగితం తెచ్చాం.

సాయంత్రం డ్యాము బొమ్మ వచ్చినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. తరవాత ఉత్త నీలం. తాతయ్య లేచి పెట్టె పక్కన నిలబడ్డాడు. మొన్నటిదాకా ఇంట్లోనే నాలుగు మాటలాడని మనిషి ఊరందరి ముందూ గొంతు విప్పాడు. ఊళ్లోకి పోయే తొవ్వ ఎక్కడ మొదలయ్యేదో, ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో వరసగా చెప్పుకుంటూ పోయాడు. అప్పుడు వెనక నుంచి మిల్లులో వడ్లు చెరిగే ఆడమనిషి ఒకామె లేచింది.

"మా ఇల్లు మర్సిపోయినవా పెద్దయ్యా?"

"నీదెట్ల మర్సిపోత బిడ్డా? కుమ్మరోళ్ల ఇంటెన్క, యాపచెట్టు కింద."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. ఇంకో మూల నుంచి ఇంకొకరు తమ ఇల్లు అడిగారు. నీలం కాగితం అయిపోవచ్చింది. త్రిపురారం పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే కర్రను వెనక్కి తిప్పాడు. అడిగే వాళ్లున్నంతసేపూ నీళ్లు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక తాతయ్య, అమ్మను పిలిచి, అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

ఇన్నేళ్లలో నాకు చెడిపోయిన పనులకు లెక్కలేదు. పాడైంది చూస్తూ నేను ఎక్కువసేపు కూర్చోను. మిగిలిందేమిటో వెతుక్కుంటాను. సాగర్‌కు వెళ్లినప్పుడు పక్కవాళ్లు ఆ నీళ్లు చూసి ఎంత బాగున్నాయో అంటారు. బాగానే ఉంటాయి, ఎందుకు కాదంటాను? మా బువ్వ కూడా ఆ నీళ్లదే. నేను మాత్రం డ్యాము మీది కటకటాలు పట్టుకుని, తొవ్వ మొదలుకుని ఒక్కొక్క ఇల్లే చెప్పుకుంటూ నిలబడతాను. ఒక్కటీ మరిచిపోలేదు.