అక్క నెమ్మదస్తురాలు కాదు

మొన్న సోమవారం పొద్దున మా అక్క కొండాపూర్ దవాఖానలో పోయింది. నార్సింగిలో మా అపార్ట్‌మెంటువాళ్లు వచ్చి, "పాపం, ఎంత నెమ్మదస్తురాలండీ, ఒక్కనాడు గొంతు పెంచలేదు" అన్నారు. వాళ్లకు తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

అక్క గయ్యాళి. నార్సింగి ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో, మా పొలం గట్టు జరిపిన మనిషిని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. నేను బడి ఎగ్గొడితే చెవి మెలిపెట్టి ఇసుకలో నా పేరు దిద్దించింది. "మొద్దూ, పేరన్న రాసుకోరా, లేకుంటె ఎవడన్న మోసం జేస్తడు" అనేది. నాకొచ్చిన నాలుగు అక్షరాలు ఆమె పెట్టినవే.

ఇరవై నాలుగో ఏట అక్కకు జబ్బు చేసింది. అన్నంలో విషం కలిపామనేది. ఎవరో పిలుస్తున్నారని ఎండలో పరుగెత్తేది. ఒకసారి కొడవలి పట్టుకుని అమ్మ మీదికి వచ్చింది. మందులు ఇప్పించాం, తలకు కరెంటు షాకులు పెట్టించాం. చివరికి పట్నంలో పెద్ద డాక్టరు, తల తొలిచి మెదడులో కొంచెం కోస్తే నిమ్మళమవుతుందన్నాడు. నాన్న లేడు. మగదిక్కు నేనే.

ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం తెచ్చిన పూట అక్క తెలివిగానే ఉంది. "నా తలకాయరా అది. నన్నడుగవా?" అంది.

"పిచ్చిదాన్ని అడిగేదేంది?" అన్నాను. ఆమె దిద్దించిన అక్షరాలతోనే సంతకం పెట్టాను.

నిమ్మళమైంది. అంతా మెచ్చుకున్నారు, నేనూ మీసం తిప్పాను. కూర్చోమంటే కూర్చునేది, తినమంటే తినేది. అమ్మ పోయిననాడు ఏడవలేదు. మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి ఆఫీసులు కడుతున్నప్పుడు నేను ట్రాక్టరు తోలేవాణ్ణి. ఓ పొద్దున బియ్యంలో రాళ్లు ఏరమని చెప్పి పోయాను. సాయంత్రం వచ్చేసరికి ఇంకా ఏరుతూనే ఉంది. రాళ్లు ఎప్పుడో అయిపోయాయి. చాలని చెప్పేవాళ్లు లేరు, అంతే.

"ఆ కాలంలో డాక్టర్లకు అంతకన్నా తెలియదు తాతగారూ" అంది మొన్న దవాఖానలో డాక్టరమ్మ. కావచ్చు. కానీ అక్క మాట విననిది డాక్టరు కాదు, నేను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరి ముందూ ఒప్పుకోలేదు. నాకు పొగరెక్కువ.

పోయే ముందు రోజు, గొంతులో పైపు వేయాలని ఆ డాక్టరమ్మే కాగితం తెచ్చి నాకిచ్చింది.

"నాకెందుకమ్మా? ఆమెకు తెలివుంది, ఆమెనడుగు" అన్నాను.

ఆ పిల్ల వంగి అంతా విడమరిచి చెప్పి, "వేయమంటారా అమ్మమ్మా?" అంది.

అక్క నా వైపు తిరిగింది.

"నీ ఇష్టమే అక్కా" అన్నాను. "వద్దంటె వద్దను. నన్ను తిట్టన్న తిట్టు."

డాక్టరమ్మ పక్క మంచం మీది రోగిని చూసి మళ్లీ వచ్చింది. అక్క అప్పటికీ నా మొహంలోకే చూస్తూ ఉంది, నేనేం చెప్తానా అని.