ఓట్లకొచ్చిన పాత సామాన్ల పెద్దమనిషి

కువైట్‌లో, అమ్ఘరా దగ్గర పాత ఇనుము వ్యాపారం చేసే మా కడప పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఎవరింటికి పోయినా ఆయన కండ్లు మనిషి మీద నిలవవు. తుప్పు పట్టింది యాడుందా అని మూలమూలా ఎదుకుతాయి. పెండ్లికి పిలిస్తే అక్షింతలు వేసే లోపలే పందిరి గుంజలు వేలితో కొట్టి చూసే రకం.

అట్లాంటాయన మా తెలుగోళ్ల సంఘానికి ప్రెసిడెంటుగా నిలబడినాడు. "పాత సామాన్లోడు" అనే పేరు పోయి "ప్రెసిడెంటుగారు" అనిపించుకోవాలని ఆశ. ఓటు అడగను రిగ్గైలో మా గదికొచ్చి, చేతులు జోడించి, "అత్తా, ఈ తూరి నన్ను గెలిపిస్తే..." అని మొదలుపెట్టి, మూలనున్న నా చెడిపోయిన ఫ్రిజ్జు చూసి ఆగిపోయినాడు.

"ఆఁ, గెలిపిస్తే?" అన్నా.

"గెలిపిస్తే..." అని మళ్లా ఫ్రిజ్జు దిక్కే చూసినాడు.

"ఓట్లకొచ్చినావా, సామాన్లకొచ్చినావా నాయనా? ఏదో ఒకటే అడుగు" అని గదిమినా.

పాపం, నుదుట చెమట పట్టింది. పోయి ఫ్రిజ్జును వేలితో ఒక తూరి కొట్టి చూసినాడు.

"అయితే ఫ్రిజ్జే ఇయ్యత్తా" అన్నాడు.

మనసులో ఉండేది దాచుకోలేనోడు జనాన్ని ఏం మోసం చేస్తాడులే అని ఓటు ఆయనకే వేసినా. ఫ్రిజ్జు మాత్రం ఇయ్యలేదు. దాంట్లో బియ్యం పోసిపెట్టుకున్నా. తలుపు రబ్బరు ఇంకా గట్టిగానే ఉంది, పురుగు దూరదు.