భద్రయ్య చీటీ పాట

కొందరికి పేకాట పిచ్చి; కాలువ నీళ్ళ కోసం కోస్తా వదిలి బాన్సువాడ చేరిన భద్రయ్యకు చీటీ పాట పిచ్చి. ఎక్కువ వదులుకున్నవాడిదే చీటీ, వదిలిన సొమ్ము మిగతావాళ్ళకు పంపకం. అందుకే అవసరం లేకున్నా మీసం దువ్వుతూ ఇంకో యాభై ఎగదోసేవాడు. పోయిన నెల గేదె కొనాలని పాడిన తండా హీరాబాయిని అలాగే వెనక్కి తగ్గించి, చీటీ మరొకరి పాలు చేశాడు. ఈసారి అవసరం అతనిదే. బస్టాండు పక్క జాగాకు బయానా ఇచ్చాడు. రేపు మిగతాది కట్టకపోతే రెండూ పోతాయి.

"ఏంది భద్రన్నా, గింత చెమట? ఫికరా?" హీరాబాయి నవ్వింది.

"ఎండమ్మా. తొమ్మిది వందలు!" అన్నాడు. ఇంకో యాభై పెరిగితే జాగా దక్కదు.

హీరాబాయి నోరు తెరిచింది. భద్రయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఇగ అన్నకే రాయుండ్రి, ఆకలైతుంది" అందామె.

అందరూ లేచారు. భద్రయ్య మాత్రం కూర్చునే, మీసం దువ్వబోయిన చేతిని దించుకున్నాడు.