వేస్ట్ అని రాయనివ్వని బండలు

ఎర్రగుంట్ల దగ్గర మా ఆయన కట్టించిన షెడ్డును ఒక బండల పాలిష్ కంపెనీకి బాడుగకిచ్చాం. గడువు తీరినా వాళ్ళు కదల్లేదు. కోర్టుకెక్కాను. ఎదుటి వకీలు ప్రతిసారీ వాయిదా అడిగేవాడు, నేను ప్రతిసారీ కారిడార్లో నిలబడి తిట్టేదాన్ని. చివరికి షెడ్డు నాకప్పగించాలని తీర్పొచ్చింది. కాపీకి లామినేషన్ కూడా చేయించాను.

సరిగ్గా అప్పుడే కంపెనీ మూతపడింది. దాని ఆస్తులమ్మి అప్పులిచ్చినవాళ్ళకు పంచడానికి లిక్విడేటర్ అనే అధికారి దిగాడు. షెడ్డు నాదేనట, లోపలున్న సరుకు మాత్రం ఆయనదట. సరుకు కదిలితేగాని షెడ్డు నా చేతికి రాదు. గెలవడమంటే ఇదీ అని అప్పుడు తెలిసింది.

ఆ షెడ్డులో జొన్నరొట్టెల కేంద్రం పెట్టాలని నా కోరిక. రొట్టె తట్టడంలో మా పక్కింటామెను మించినవాళ్ళు లేరు. రోజూ బస్సెక్కి కడప పోయి హోటల్లో కాల్చేది. తీర్పు కాపీ చూపించి ఆ పని మాన్పించింది నేనే.

తీర్పు అమలు చేయడానికి కోర్టు ఒక రిసీవర్‌ను వేసింది. కర్నూలు నుంచి వచ్చిన కుర్ర వకీలు. లోపలి సరుకుకు జాబితా రాయాలి. అమ్ముడుపోయేదైతే వేలం దాకా ఉంచాలి, పనికిరానిదైతే పారేయించి షెడ్డు నాకివ్వాలి. ఆ ఎండలో నల్లకోటు విప్పకుండా వచ్చాడు, పాపం. మంచి బండలన్నీ లిక్విడేటర్ లారీలో అప్పటికే వెళ్ళిపోయాయి. మిగిలింది ఎదెత్తు ముక్కల గుట్ట.

"విరిగిన ముక్కలు, వేస్ట్" అని రాసుకున్నాడు. "రేపే ట్రాక్టరు పెట్టి తీయిస్తాను మేడం. సాయంత్రానికి షెడ్డు ఖాళీ."

అక్కడ ఊరుకోవాల్సింది. కానీ నేను బండల వ్యాపారి కూతుర్ని.

"ఏందప్పా, వేస్ట్ అంటాండావు? కడప బండలో వేస్ట్ యాడుంటాది? ఆ పెద్దముక్కలు అరుగులకు, ఈ చిన్నవి గొడ్ల కొట్టానికి, ఆ సన్నవి ప్రహరీకి. శానామంది కొంటారు."

పక్కింటామె నా మోచెయ్యి గిల్లింది. "అక్కా, నీకు దండం పెడతా. ఆయప్ప రాసుకుంటాండాడు, రాసుకోనీ."

"నువ్వుండుమే. కోర్టు కాగితంలో తప్పు పోతే యట్లా?"

రిసీవర్ వినయంగా కొట్టేసి మళ్ళీ రాశాడు. గంటసేపు నేను చెబుతుంటే సైజుల వారీగా పేజీలు నింపాడు. అడుగున నా సంతకం తీసుకున్నాడు.

"ఇంత విలువైన సరుకని నాకు తెలియదు మేడం. వేలమయ్యేదాకా కదిలించకూడదు. మీకంటే తెలిసినవాళ్ళు లేరు కాబట్టి కాపలా బాధ్యత మీదే" అంటూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. షెడ్డు నాకప్పగించినట్టే, కాదనడానికి లేదు.

పక్కింటామె లోపలికి తొంగిచూసింది. "పెనం యాడ పెట్టాలక్కా? ఆ గుట్ట మీదనా?"

వేలం రెండుసార్లు పెట్టారు. శానామంది కొంటారన్నానే, ఒక్కరూ రాలేదు. హోటల్లో ఆమె చోటుకి వేరే మనిషి వచ్చేసింది. మా వరండాలో పొయ్యి పెట్టుకుని వీధికి సరిపడా కాలుస్తోంది, నన్ను ఒక్క మాటా అనదు. అంటే జవాబు చెప్పేదాన్ని.

ఇక లాభంలేదని నేనే కోర్టులో అర్జీ వేశాను. ఆ ముక్కలు దేనికీ పనికిరావు, పారేయడానికి అనుమతివ్వండి అని. రిసీవర్ లేచి, ఆ రోజు రాసిన జాబితా చదవడం మొదలుపెట్టాడు. అరుగులు, గొడ్ల కొట్టం, ప్రహరీ, ఒక్కటీ వదల్లేదు. చివర నా సంతకం చూపించాడు.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "అమ్మా, ఆ రోజు చెప్పింది నిజమా, ఈ రోజు చెప్పేది నిజమా?"

వెనక బెంచీలో పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నావైపే చూస్తోంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

"జవాబు చెప్పుకోవడానికి ఒక్క వాయిదా ఇప్పించండి" అన్నాను.

ఇచ్చారు.