అంతోనివారి చెవి

కోయిలకుంట్లలో మా పక్కింటి అవ్వ కిందటి గురువారం కన్నుమూసింది. ఏదో పోగొట్టుకుని ఆమె గడప తొక్కినవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. అందుకే ఈ నాలుగు మాటలు.

అవ్వ ఇంటి పంచలో, గోడగూట్లో, పోయినవి ఇప్పించే పునీత అంతోనివారి విగ్రహం. చంకలో బాలయేసు, కొవ్వొత్తుల పొగకు నల్లబడిన ముఖం. ఎక్కడో ఇటలీలో, వందల ఏళ్ల కిందట పోయిన సన్యాసికి మా అంగళ్ల వీధిలో ఇంత గిరాకీ ఏమిటని మా నాయన నవ్వేవాడు. అంగడి తాళాలు కనపడకపోతే మాత్రం మంగళవారం ఎప్పుడొస్తుందా అని గింజుకునేవాడు. అంతోనివారికి మొక్కే ఆ రోజు శెట్లు, సాయిబులు, రెడ్లు అందరిదీ ఒకే వరుస.

పేదలకని ఒక బన్ను పెట్టి, పోయినదేమిటో విగ్రహం చెవిలో చెప్పాలి. అవ్వకు చెప్పబోతే కసిరేది. "నాకేంటికి చెప్తాండావు? ఆయప్ప చెవిలో చెప్పు పో." తర్వాత తన చెవి విగ్రహం నోటికి ఆనించి కళ్లు మూసుకునేది. కొవ్వొత్తి మంట కదలడం మానేసేది.

మా అమ్మ ముక్కుపుడక పిండి డబ్బాలో దొరికింది. ఒక సాయిబు ఎద్దు తప్పిపోతే, "పాత నాపరాళ్ల గనిలో చూడప్పా" అంది. ఎద్దు అక్కడే ఉంది, చచ్చిపడి. ఏడుస్తూ వచ్చిన ఆయనకు మంచినీళ్లిచ్చి, "యాడుండాదో చెప్తాడప్పా, ఎట్లుండాదో చెప్పడు" అంది.

అవ్వ మొగుడు పెళ్లయిన కొత్తలో శ్రీశైలం డ్యాం పనికి పోయి తిరిగి రాలేదు. అప్పుడు వాళ్ల కాపురం ఓర్వకల్లు దగ్గర. చూసి చూసి, ఆమె ఇక్కడ తన అక్క పంచన చేరింది. ఊరందరివీ వెతికిపెట్టే మనిషి, తన మనిషి సంగతి మాత్రం ఎన్నడూ అడగలేదు. ఉండబట్టలేక ఒకసారి ఎందుకని అన్నాను.

"అడిగితే చెప్తాడు గదమ్మా, అదే నా భయం. అడగనన్నాళ్లూ మా ఇంటాయన బతికే ఉంటాడు."

మా అమ్మ పోయినప్పుడు నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుంది కూడా ఆమే. "సచ్చిపోయేది తప్పిపోయినట్ల కాదు తల్లీ. వాళ్లు యాడుండేదీ మనకు తెలుసు" అంది. ఆ ఒక్క మాటతోనే నేను తేరుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పనేలేదు.

పోయే ముందు మంగళవారం, జనం వెళ్లిపోయాక, అవ్వ తానే విగ్రహం చెవి దగ్గరికి వంగింది. చాలాసేపు చెప్పింది. చెవి ఆనించింది. ఇటు తిరిగిన ముఖం పెళ్లికూతురి ముఖంలా ఉంది.

"వచ్చే మంగళారం ఈడికే వస్తాడంట."

మతి తప్పిందేమో అనుకుని భయపడ్డాను. గురువారానికి మనిషే లేదు.

మొన్న మంగళవారం అలవాటు కొద్దీ జనం వచ్చారు. వరుస చివర ఎవరో ముసలాయన, చేతిలో బన్ను. పోయినవి ఇప్పించే అంతోనివారి ఇల్లెక్కడని బస్టాండు నుంచి అడుగుతూ వచ్చాడట. విగ్రహం చెవిలో చెప్పాడు గానీ, పెద్ద గొంతు, అందరికీ వినపడింది.

"మా ఆడమనిషి సామీ. ఓర్వకల్లు కాడ ఇడిసిపెట్టి పోతి. శానా ఏండ్లకు మళ్లా వస్తే ఆడ లేదు."

పేరు చెప్పాడు. అవ్వ పేరే.

ఎవరూ చెప్పకుండానే ఆయన తన చెవి విగ్రహం నోటికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి తలగుడ్డ తీసి గుండెకు పట్టుకుని, నా వైపు తిరిగాడు.

"సమాధుల తోట యాడుండాది తల్లీ?"