భోజనం తర్వాత రెండు చెంచాలు

అరుగుదల మందు సీసా ఎక్కడ కనిపించినా నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. డెబ్బైల చివర్లో వరంగల్ బస్టాండు పక్కన మైకు పెట్టి అమ్మేవాళ్లు. సీసా మీద బొజ్జ నిమురుకుంటూ నవ్వే మనిషి బొమ్మ. అజీర్తి, గ్యాసు, పుల్లతేన్పులు, కడుపులో మంట, అన్నీ ఒక్క సీసాతో మాయమట. మా నేతగాళ్ల వాడలో ఆ సీసా లేని ఇల్లు నేను చూడలేదు.

అమ్మకు కడుపులో మంట మొదలైతే బాపు దవాఖానకు తీసుకుపోలేదు, ఆ సీసా తెచ్చాడు. ఇంట్లో చదువొచ్చింది నాకే కాబట్టి చీటీ చదివి చెప్పాను: భోజనం తర్వాత రెండు చెంచాలు. అమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. తినకముందు తాగితే వికటిస్తుందని ఆమె భయం.

అసలు ఆమె తినేదెప్పుడు? పన్నెండింటికి బాపు మగ్గం మీంచి లేచి తినేవాడు. తర్వాత బడి నుంచి వచ్చిన నేనూ తమ్ముడూ. బాపు మళ్లీ కూర్చునేసరికి నూలు కండెలు సిద్ధంగా ఉండాలి, అవి చుట్టేది అమ్మ. రాట్నం ముందు కూర్చుంటే నాలుగు దాటేది. అంతదాకా ఖాళీ కడుపును చేత్తో అదుముకుని, మిగిలిందేదో తిని, తిండి ఎక్కువైనవాళ్ల మందు తాగేది. అలా మూడు సీసాలు తాగింది. అమ్మినవాణ్ణి నేను తిట్టుకోని రోజు లేదు.

ఒకరోజు నల్లగా రక్తం కక్కుకుంది. బాపుకు అప్పుడు గుర్తొచ్చింది హనుమకొండ దవాఖాన. కడుపులో పుండు పడిందన్నాడు డాక్టరు. ఎన్ని గంటలకు తింటావని అమ్మను అడిగాడు.

“పన్నెండు గొట్టంగనే తింటం సార్,” అన్నాడు బాపు.

“నిన్ను గాదు, ఆమెనడిగిన.”

అమ్మ బాపు వైపు చూసి, “అందరు తిన్నంక,” అంది.

వేళకు తినకపోతే ఏ మందూ పనిచెయ్యదని, మళ్లీ రక్తం పడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

ఇంటికొచ్చిన మర్నాడు బడి లేదు. పన్నెండింటికి, నాకూ తమ్ముడికీ వడ్డించి, అమ్మ కూడా కంచంలో అన్నం పెట్టుకుంది. ఇంకా చెయ్యి పెట్టలేదు, బాపు వచ్చాడు. ఆమె లేచి ఆ కంచం ఆయన ముందుకు జరిపింది. ఆయన కూర్చుని తినసాగాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. మందు అమ్మినవాణ్ణి తిట్టినట్టే ఆయన్నీ లోపల తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే, రాట్నం దగ్గరికి పోతున్న అమ్మను వెనక్కి పిలిచి, ఇంకొంచెం చారు పొయ్యమన్నాను.