గుంజకుండ కాపాడుడు: సోమశిల ప్రయాణం

పొద్దుగాల ఐదున్నరకు ధరూర్ల షేరింగ్ ఆటో ఎక్కిన. గద్వాల బస్టాండ్ల నా బామ్మర్ది శీను ముందే నిలబడ్డడు. చీరెలు నేసే మనిషి, మగ్గం ఇడిసి రెండు రోజులు నాతోని వస్తున్నడంటేనే సంబురమైంది.

సంగతేందంటే, పోయినేడు మేమిద్దరం ముర్డేశ్వర్ పోయి సముద్రంల స్కూబా డైవింగ్ నేర్చుకున్నం. ఆఖరి రోజు నీళ్ల అడుగున శీను ఆగి ముక్కు పట్టుకున్నడు. ఊపిరాడుతలేదనుకున్న. నేను బాయిల ఈదినోన్ని. మునిగినోన్ని జుట్టు వట్టి పైకి గుంజుడే తెలుసు. గట్లనే గుంజిన. లోతుకెంచి ఒక్కసారే పైకి వచ్చుడుతోని వాని చెవి దెబ్బతిన్నది, నెల రోజులు దవాఖాన చుట్టూ తిరిగిండు. "నీతోని మళ్ల నీళ్లల్లకు దిగనే దిగ బావా" అన్నడు. నేనేమో ఊర్లె వాణ్ని కాపాడిన అనే చెప్పుకున్న. నీళ్లల్ల తోటోని భయం గుర్తువట్టి కాపాడే శిక్షణ సోమశిల కాడ ఇస్తున్నరంటే, బతిమాలి తోలుకపోయిన.

ఆరుంబావుకు బస్సు. బీచుపల్లి వంతెన మీద శీను అంజన్నకు దండం పెట్టిండు. వనపర్తిల ఇడ్లీ తిని కొల్లాపూర్ బస్సు ఎక్కినం. పక్కనున్న పెద్దమ్మ "యాడికి బిడ్డా" అన్నది. నీళ్లల్ల మునుగుడు నేర్చుకునేటందుకంటే, "గది గూడ నేర్చుకోవాల్నా" అని నవ్వింది. కొల్లాపూర్ల ఆటో పట్టి పదకొండుకు కృష్ణ ఒడ్డుకు చేరినం.

నేర్పే కవిత మేడం హైదరాబాదామె. "భయపడ్డ మనిషి చెయ్యూపి పిలవడు. కళ్లు పెద్దవైతాయి, ఊపిరి వేగం పెరుగుతుంది. గుంజొద్దు. చెయ్యి పట్టుకోండి, ఊపిరి కుదుటపడ్డాకే మెల్లగా పైకి తేండి" అన్నది. గివన్నీ నాకు చెప్పాల్నా అనుకున్న.

రాత్రికి ఒడ్డున గదులు దొరుకుతయి, ముందే అడిగి పెట్టుకోండ్రి. తెల్లారి పదికి పరీక్ష. శీను భయపడ్డట్టు నటించాలె, నేను కాపాడాలె. రెండు నిలువుల లోతుకు దిగినం. నీళ్లు పచ్చగ, మసక. ఏమైందో తెల్వదు, నా ఛాతీ బిగవట్టింది. పైకి ఉరకాలని కాళ్లు కొట్టిన. శీను నటించుడు ఆపి నా మణికట్టు పట్టుకున్నడు. మొకంల మొకం పెట్టి, అరచెయ్యి మెల్లగ పైకి కిందికి ఊపుకుంట ఎట్ల ఊపిరి తీయాల్నో చూపిచ్చిండు. గుంజలే. నేను కుదుటపడ్డంకనే ఇద్దరం తేలినం.

ఒడ్డున సిగ్గుతోని తల ఎత్తలే. మేడం మాత్రం "మళ్లీ దిగుదాం అన్నా" అన్నది. చేపల పులుసుతోని బువ్వ తిని, జర సేపు ఆగి, మళ్ల దిగిన. ఈసారి శీనును నిదానంగ పైకి తెచ్చిన.

నాలుగున్నరకు కొల్లాపూర్ల తిరుగు బస్సు ఎక్కినం. పెబ్బేరు దాటినంక అడిగిన: "శీనూ, ముర్డేశ్వర్ల నువ్వు నిజంగ భయపడ్డవా?"

"లే బావా. చెవి బిగుసుకుంటే ముక్కు మూసి గాలి ఊది సవరించుకుంటున్న. భయంతోని నీ కండ్లే పెద్దగ అయినయి."

"మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"నన్ను కాపాడిన అని అందరికి సంబురంగ చెప్తుంటివి. ఎట్ల చెప్పాలె?"

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఊర్లె ఉన్నదున్నట్టు నేనే చెప్త అన్న.

"చెప్తువులే గని, మళ్ల ముర్డేశ్వర్ ఎప్పుడు పోదం బావా?" అన్నడు.